రెండవ ప్రతి – రికార్డు రూము నుంచి హార్డ్ డిస్కు వరకు



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను అలవాటు ప్రకారం డి.ఆర్. బకాయిల గురించి వ్రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. అది వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం నిరుడు మన సంఘ కార్యాలయంలో జరిగిన ఒక సంగతిని, దాని వెనుక ఉన్న కొంత చరిత్రను వ్రాయదలచాను.

మన సంఘం 2018లో సభ్యుల కాగితాలను స్కాన్ చేయించిన విషయం మీకు తెలుసు. పి.పి.ఓ., జాయింట్ ఫోటో, నామినేషన్, సర్వీసు రిజిస్టరులో ముఖ్యమైన పుటలు, అన్నీ కార్యాలయంలోని కంప్యూటరులో ఉంచాము. ఆ ఏడాదే మన కోశాధికారి గారు, "ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొని వీటికి నకలు తీసి విడిగా పెడదాం, నాలుగు వేల చిల్లర అవుతుంది" అని ప్రతిపాదించారు. "కంప్యూటరు ఉండగా ఈ ఖర్చు అనవసరం" అని అభ్యంతరం చెప్పినవాడిని నేనే. మినిట్స్ పుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ ఉంది. వ్రాసిన దస్తూరీ కూడా నాదే.

నిరుడు ఎండాకాలంలో ఆ కంప్యూటరు లోపలి డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేసి ఆగిపోయింది. రిపేరు చేసే అబ్బాయి రెండు రోజులు కుస్తీ పట్టి, పెద్ద ఊరిలో ప్రత్యేకంగా సమాచారం వెలికితీసే వారికి పంపాలన్నాడు. వారు అడిగిన మొత్తం మన సంఘం ఏడాది చందాల కంటే ఎక్కువ. అయినా పంపాము. ఏమీ రాలేదు. తరువాత రెండు నెలలకు మన సభ్యులొకరు కాలం చేశారు. ఆయన పి.పి.ఓ. ట్రంకు పెట్టెలో చెదలు పట్టిపోయింది. కార్యాలయంలో ఉండవలసిన రెండవ సగం ఒక చోటి నుంచి మరొక చోటికి బదిలీ అయినప్పుడు ఎక్కడ పడిందో దొరకలేదు. ఆయన భార్య మన దగ్గరకు వచ్చి, "మీ దగ్గర భద్రంగా ఉందని ఆయన చెప్పేవారండీ" అన్నారు. కుటుంబ పెన్షను మంజూరు కావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆమె మన మెట్లు ఎక్కినప్పుడల్లా నేను రిజిస్టరులో తల దూర్చి కూర్చున్నాను.

ముప్పై ఆరేళ్ల సర్వీసులో పదకొండేళ్లు రికార్డు రూము చూసిన మనిషిని నేను. రెండవ ప్రతి విలువ నాకు తెలియనిది కాదు. తెలిసి ఉండీ ఎందుకలా వ్రాశానా అని ఆలోచిస్తే, కాగితానికి నకలు కావాలి గాని కంప్యూటరుకు అక్కరలేదన్న భ్రమ నాలో ఉండేదని తోచింది. ఆ భ్రమ ఇంకా ఎవరికైనా ఉంటే పోవాలని ఈ వ్యాసం.

మన ఆఫీసు పద్ధతులు గుర్తుచేసుకోండి. ఒక ఉత్తరం బయటకు వెళ్లాలంటే ఫెయిర్ కాపీ వెళ్లేది, ఆఫీసు కాపీ ఫైలులో ఉండేది. టైపు మిషనులో కార్బన్ పెట్టకుండా కాగితం ఎక్కించిన టైపిస్టును హెడ్ క్లర్కు క్షమించేవాడు కాదు. ఫైలు ముగిశాక ఆర్.డిస్. అయితే శాశ్వతంగా, డి.డిస్. అయితే పదేళ్లు, కె.డిస్. అయితే మూడేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది ఉంచాలి. ఏ కాగితం ఎంతకాలం బ్రతకాలో ముందే నిర్ణయించిన ఆ ఏర్పాటును ఇప్పటి కంప్యూటరు కుర్రవాళ్లకు చెబితే ఆశ్చర్యపోతున్నారు. వారు అన్నీ ఉంచుతారు, ఏదీ దొరకదు.

రిజిస్ట్రేషను ఆఫీసు అయితే అసలు రెండవ ప్రతి కోసమే పుట్టిన ఆఫీసు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం దస్తావేజు మొత్తాన్ని ఒకటో నంబరు పుస్తకంలో అక్షరం పొల్లు పోకుండా ఎక్కించి అసలును పార్టీకి తిరిగి ఇచ్చేవారు. ఇల్లు కాలినా, వరద వచ్చినా, అన్నదమ్ములలో ఒకడు దస్తావేజు దాచేసినా, ఆఫీసులో నకలు దొరికేది. దశాబ్దాల పాటు నకలు గుమాస్తాలు చేతితో వ్రాసిన ఆ పుస్తకాల మీదనే మన ఆస్తులన్నీ నిలబడి ఉన్నాయి. 1998లో మన రాష్ట్రంలో 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషను కంప్యూటరీకరణ ప్రారంభమయ్యాక ఆ చేతివ్రాత పని పోయి స్కానింగు వచ్చింది.

రెండవ ప్రతి లేని రికార్డు గతి ఏమవుతుందో కూడా మన తరం చూసింది. 1984 జనవరిలో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు గ్రామాల లెక్కలు స్వాధీనం చేసుకునేందుకు వెళ్లినవారిలో నేనూ ఉన్నాను. కొందరు కరణాలు అడంగళ్లు, చిట్టాలు సంవత్సరాల వారీగా కట్టలు కట్టి సంతకం తీసుకుని ఇచ్చారు. కొందరు అటక చూపించి ఊరుకున్నారు. ఒక ఊరిలో ఎలుకలు కొట్టిన కాగితాన్ని గోనెసంచిలో పోసి తెచ్చాము. ఆ సంచిలోని పొలాల తగాదాలు నేను రిటైరయ్యే నాటికి కూడా తెగలేదు.

పూర్వులకు ఈ సంగతి బాగా తెలుసు. తాళ్లపాక వారి సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో రాతి అరలో భద్రపరచబట్టి గదా అవి ఇరవయ్యవ శతాబ్దంలో మన చేతికి వచ్చాయి. తాటాకు మీద మాత్రమే ఉన్నట్లయితే పురుగులు తినేసేవి. కర్నల్ మెకంజీ సేకరించిన గ్రామ కైఫీయతులు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ దొర వాటికి నకళ్లు వ్రాయించాడు. ఈనాడు మన ఊళ్ల చరిత్ర వ్రాసేవారు ఆ నకళ్ల నుంచే ఎత్తి వ్రాస్తున్నారు.

ఇక ఉద్యోగులమైన మనం తప్పక తెలుసుకోవలసినది అమెరికాలోని సెయింట్ లూయీ అగ్నిప్రమాదం. అక్కడ సైనికోద్యోగుల సర్వీసు ఫైళ్లన్నీ ఒకే పెద్ద భవనంలో ఉండేవి. 1956లో కట్టిన ఆ భవనంలో రికార్డులున్న అంతస్తులకు నీళ్లు చిమ్మే ఏర్పాటు పెట్టలేదు. నీళ్లు పడితే కాగితం తడుస్తుందని భయం. 1973 జులై 12 అర్ధరాత్రి దాటాక ఆరవ అంతస్తులో నిప్పు రాజుకుంది. పూర్తిగా ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. నూట అరవై లక్షల నుంచి నూట ఎనభై లక్షల వరకు ఫైళ్లు పోయాయి. 1912 నవంబరు నుంచి 1960 వరకు సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్లలో నూటికి ఎనభై కాలిపోయాయి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్ము లేదు, ఏ ఫైలు ఉందో చెప్పే పూర్తి సూచిక కూడా లేదు. మంట ఆర్పిన నీటిలో నానిన లక్షలాది ఫైళ్లకు బూజు పట్టకుండా మందు చల్లి, విమానాల కంపెనీవారి శూన్య గదులలో పెట్టి ఆరబెట్టారు. తక్కిన వారికి జీతాల వోచర్లు, ఆసుపత్రి చిట్టాలు, ఇతర కార్యాలయాలలో మిగిలిన ముక్కలు ఏరి సర్వీసును తిరిగి కట్టవలసి వచ్చింది. రెండు మహాయుద్ధాలలో పనిచేసినవారు "నేను పనిచేశాను" అని రుజువు చేసుకోవలసిన పరిస్థితి. సర్వీసు రిజిస్టరు దొరకక తిరిగిన మన మిత్రులు కొందరికి ఆ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు యంత్రాల సంగతి. మొట్టమొదటి హార్డ్ డిస్కును ఐ.బి.ఎం. కంపెనీ 1956లో 'రామాక్' అనే కంప్యూటరుతో కలిపి అమ్మింది. బీరువాలంత పెట్టెలో రెండడుగుల వ్యాసం గల పళ్లేలు యాభై, ఒక టన్ను బరువు. అందులో పట్టినవి యాభై లక్షల ఇంగ్లీషు అక్షరాలు. ఈనాడు చొక్కా జేబులో పట్టే ఒక టెరాబైటు డిస్కులో అటువంటివి రెండు లక్షల పెట్టెల సమాచారం పడుతుంది. 1973లో అదే కంపెనీ, పళ్లెమూ దానిని చదివే ముల్లూ ఒకే మూసిన డబ్బాలో ఉండే 'వించెస్టర్' రకాన్ని తెచ్చింది. 1980లో సీగేట్ కంపెనీ బల్లమీది కంప్యూటరులో అమరే చిన్న డిస్కును తెచ్చింది. దాని సామర్థ్యం అయిదు మెగాబైట్లు, అంటే రామాక్ పెట్టెతో సమానం.

మన కలెక్టరేట్లకు ఎన్.ఐ.సి. వారి ద్వారా 1980ల చివరలో కంప్యూటర్లు వచ్చాయి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. చల్లని గది, దుమ్ము లేని గది; ఆఫీసరుకు లేని ఏ.సి. దానికి ఉండేది. నకలు తీయడానికి ఫ్లాపీలు, వెడల్పు అయిదుంపావు అంగుళాలు. వాటిని వంచకూడదు, తాకకూడదు. మన అటెండరొకాయన వాటిని తక్కిన కాగితాలతో పాటు ట్యాగు వేసి ఫైలులో కుట్టేశాడని మా ఆఫీసులో చెప్పుకునేవారు. కోస్తా తేమకు వాటి మీద బూజు పట్టేది. తరువాత మూడున్నర అంగుళాల ఫ్లాపీ, తరువాత సి.డి.; ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా "ఇక ఇది శాశ్వతం" అన్నారు. ఇప్పుడు నా దగ్గర ఒక డబ్బా నిండా ఫ్లాపీలున్నాయి, వాటిని చదివే యంత్రం లేదు.

ఈ విషయంలో ఇంగ్లండులో జరిగినది తమాషాగా ఉంటుంది. ఆ దేశపు రాజు 1086లో భూముల లెక్క వ్రాయించాడు, మన ఆర్.ఎస్.ఆర్. వంటిదనుకోండి. దానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బి.బి.సి. వారు దేశమంతటి వివరాలు, ఫోటోలు పోగుచేసి లేజరు డిస్కుల మీద ఎక్కించారు. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు కనుమరుగై, 2002 ప్రాంతంలో నిపుణులు ప్రత్యేకంగా పూనుకుని ఆ సమాచారాన్ని బయటకు తీయవలసి వచ్చింది. తోలు మీద సిరాతో వ్రాసిన 1086 నాటి పుస్తకం మాత్రం ఈనాటికీ తెరిస్తే కనిపిస్తోంది.

బయట తగిలించే డిస్కులు సామాన్యుని చేతికి రావడానికి యు.ఎస్.బి. కారణం. 1996లో మొదటిది, 2000లో వేగం గల రెండవది, 2008లో దానికి పది రెట్ల వేగంతో మూడవది వచ్చాయి. డిస్కులో సమాచారం ఇంత ఇరుకుగా పట్టడానికి ఆధారమైన అయస్కాంత సూత్రాన్ని 1988లో కనుగొన్న ఫెర్ట్, గ్రూన్‌బెర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు 2007లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఏ కంపెనీది మంచిది? మొన్న కమిటీలో అందరూ అడిగిన ప్రశ్న ఇదే. ఒకప్పుడు ఈ డిస్కులు తయారు చేసినవారు రెండు వందలకు పైగా ఉండేవారు. ఒకరినొకరు కొనుక్కుంటూ పోగా ఇప్పుడు సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా అని మూడే మిగిలాయి. బయటి పెట్టె మీద ఏ పేరున్నా తిరిగే పళ్లెం ఉన్న డిస్కు అయితే లోపలిది ఈ మూడింటిలో ఒకరిదే. 2011లో థాయిలాండులో వరదలు వచ్చి కొన్ని ఫ్యాక్టరీలు మునగగానే ప్రపంచమంతటా డిస్కుల ధరలు పెరిగాయంటే తయారీ ఎంత తక్కువ చోట్ల ఉన్నదో ఊహించండి.

కంపెనీల కాగితాల మీద, చెడిపోవడానికి సగటున పది లక్షల గంటలు పడుతుందని వ్రాసి ఉంటుంది. లెక్క వేస్తే 114 ఏళ్లు! ఈ మాట నిజమా అని 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు సుమారు లక్ష డిస్కులను పరిశీలించారు. కంపెనీ లెక్క ప్రకారం ఏడాదికి నూటికి ఒకటి కూడా పోకూడదు. వాస్తవంలో రెండు నుంచి నాలుగు మార్చడం మామూలు, కొన్ని చోట్ల పదమూడు వరకు మార్చారు. అదే ఏడాది గూగుల్ వారు తమ లక్షకు పైగా డిస్కుల లెక్క ప్రకటించారు. డిస్కు తన ఆరోగ్యం తానే చెప్పుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది. పోయిన డిస్కులలో సగానికి పైగా అందులోని ముఖ్యమైన హెచ్చరికలలో ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయట. వేల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే మరో కంపెనీ 2013 తరువాత మోడళ్ల వారీగా లెక్కలు ప్రకటిస్తోంది. మొత్తం మీద ఏడాదికి నూటికి ఒకటి, ఒకటిన్నర పోతున్నాయి. ఒకే కంపెనీలో ఒక మోడలు ఏళ్ల తరబడి నడిస్తే, మరొకటి గుంపుగా పోయింది. కనుక పేరు చూసి నమ్మడం మన హెడ్ క్లర్కు ఇంటిపేరు చూసి గుమాస్తాను నమ్మినట్టే.

అందుచేత కమిటీలో నేను చెప్పినది: నమ్మకమైన డిస్కు కోసం వెదకవద్దు, రెండు మామూలు డిస్కులు కొనండి, వేరువేరు కంపెనీలవి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అనే సూత్రాన్ని పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చాడు. ఈ సూత్రంలో "వేరే చోట" అన్న మాటే అసలైనది. 1998లో 'టాయ్ స్టోరీ 2' అనే బొమ్మల సినిమా తీస్తుండగా ఎవరో పొరపాటు ఆదేశం ఇచ్చి సినిమాలో చాలా భాగం చెరిపేశారు. బ్యాకప్ ఉందిగదా అని చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదు. పసిబిడ్డ తల్లి అయిన ఒక ఉద్యోగిని ఇంటి నుంచి పనిచేయడం కోసం తన ఇంట్లో ఒక ప్రతి ఉంచుకోవడం వల్ల బయటపడ్డారు. దక్షిణ కొరియాకు ఆ అదృష్టం కూడా లేదు. 2025 సెప్టెంబరు 26న డేజన్ నగరంలోని ప్రభుత్వ కంప్యూటరు కేంద్రంలో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే వ్యవస్థ ఒకటి కాలిపోయింది. 858 టెరాబైట్లు, మరీ పెద్దదని దానికి బయట నకలే ఉంచలేదు. లక్షకు పైగా ఉద్యోగుల కాగితాలు అందులో ఉన్నాయి. సెయింట్ లూయీ తరువాత యాభై రెండేళ్లకు.

కొనేటప్పుడు మేము చూసుకున్నవి చెబుతాను. సామర్థ్యం ఎక్కువ అక్కరలేదు. ఆరు వందల మందికి తలా యాభై పుటలు, పుట అర మెగాబైటు అనుకున్నా పదిహేను గిగాబైట్లు. ఒక టెరాబైటు చాలా ఎక్కువ. (కంప్యూటరుకు తగిలిస్తే 931 అని చూపింది. దుకాణదారుడు మోసం చేశాడని ఉపాధ్యక్షులు గారు వెంటనే లేచారు. కంపెనీ వెయ్యి చొప్పున, కంప్యూటరు 1024 చొప్పున లెక్కించడం వల్ల వచ్చే తేడా అది, మోసం లేదు.) మోసం ఉండేది, నమ్మలేని ధరకు వచ్చే పెద్ద సామర్థ్యం గల వాటిలో, లోపల చిన్న చిప్పు పెట్టి పెద్ద అంకె చూపేలా చేస్తారు, నిండాక పాత ఫైళ్లు పాడవుతాయి. బిల్లు, వారంటీ ఉన్న దుకాణంలోనే కొన్నాము. అయితే వారంటీ డబ్బాకే గాని లోపలి కాగితాలకు కాదు.

పళ్లెం తిరిగే హార్డ్ డిస్కా, తిరగని ఎస్.ఎస్.డి.యా అన్న చర్చ గంటసేపు సాగింది. ఎస్.ఎస్.డి. చేయిజారి పడినా తట్టుకుంటుంది, వేగం ఎక్కువ. కాని నెలల తరబడి కరెంటు తగలకుండా వేడి బీరువాలో పడి ఉంటే అందులోని విద్యుదావేశం మెల్లగా జారిపోవచ్చు. దాచిపెట్టే పనికి తిరిగే రకమే మేలనుకున్నాము. చిన్న సైజుది తీసుకున్నాము. దానికి విడిగా కరెంటు అక్కరలేదు, యు.ఎస్.బి. తీగతోనే నడుస్తుంది. తిరుగుతున్నప్పుడు మాత్రం కదపరాదు. లోపలి ముల్లు పళ్లేనికి వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది.

పని కాగానే తీగ పీకేయాలి. 2017 మే నెలలో 'వన్నాక్రై' అనే వైరస్ కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అటువంటిది వస్తే తగిలించి ఉన్న డిస్కుకూ తాళం పడుతుంది. పాస్‌వర్డు పెట్టించాము, ఎందుకంటే ఆధార్, బ్యాంకు ఖాతాలు అందులో ఉన్నాయి. ఆ పాస్‌వర్డు కాగితం మీద వ్రాసి సీలు వేసిన కవరులో అధ్యక్షులు గారి దగ్గర ఒకటి, కార్యదర్శి గారి దగ్గర ఒకటి ఉంది. మన వయసులకు ఇది అవసరం.

ఒక డిస్కు కార్యాలయం బీరువాలో ఉంటుంది. రెండవది కోశాధికారి గారి ఇంట్లో, ఊరికి అవతలి వైపున. ప్రతి మూడు నెలలకు రెండూ మార్చుకుంటారు. మార్చినప్పుడు చీటీలు తీసి అయిదుగురు సభ్యుల ఫైళ్లు తెరిచి చూడాలని, తెరుచుకున్నాయో లేదో రిజిస్టరులో వ్రాసి ఇద్దరు సంతకం చేయాలని తీర్మానించాము. మొదటిసారి చూసినప్పుడు ఒక ఫైలు తెరుచుకోలేదు; స్కాన్ చేసినప్పుడే చెడింది. ఆయనను పిలిపించి మళ్లీ తీయించాము.

పాత ప్రతులన్నీ పోయాయి గనుక 2018లో ఇచ్చినవారందరూ మళ్లీ ఇవ్వవలసి ఉంది. ఇంతవరకు 214 మంది ఇచ్చారు. ప్రతి మంగళ, గురువారాలలో ఉదయం పది నుంచి పన్నెండు వరకు నేను కార్యాలయంలో ఉంటాను. పి.పి.ఓ., జాయింట్ ఫోటో, నామినేషన్ అసలు కాగితాలు తెచ్చి, స్కాన్ అయ్యాక తిరిగి తీసుకువెళ్లగలరు. మెట్లు ఎక్కలేనివారు ఒక కార్డుముక్క వ్రాసినా, ఫోను చేయించినా ఇంటికే వస్తాము. మొట్టమొదట స్కాన్ చేసినది ఆ తల్లి తెచ్చిన కుటుంబ పెన్షను మంజూరు ఉత్తర్వు. వరుస సంఖ్య 1గా రిజిస్టరులో నేనే ఎక్కించాను.